మాదాపూర్‌లో ఇల్లు హాస్టల్‌కి ఇస్తే నెలకి 88 వేలు ఎక్కువ. ఎక్కడ ఇరుక్కుంటాను?

#1 మాదాపూర్_333
333 గజాలు, స్టిల్ట్ (కింద పార్కింగ్) + 3. ఫ్లోరుకి 2,000 అడుగులు, రెండేసి డబుల్ బెడ్‌రూం ఫ్లాట్లు, మొత్తం ఆరు. ఫ్యామిలీలకి ఇస్తే ఒక్కోటి 22 వేలు, కలిపి 1.32 లక్షలు. హాస్టల్ నడిపే పార్టీ ఒకటి మొత్తం బిల్డింగ్ అడుగుతోంది. 2.2 లక్షలు, ఐదేళ్లు, ఏటా 5 శాతం పెంపు, ఆరు నెలల అడ్వాన్స్. మూడేళ్లు లాక్-ఇన్ (అంతలోపు మధ్యలో తెంచుకోకూడదు). నోటరీ అగ్రిమెంట్ చాలంటున్నారు. పైన ప్లాన్‌లో లేని రేకుల గదులు రెండున్నాయి, అక్కడ కిచెన్ పెట్టుకుంటారట. మీటర్లు, నల్లా, ఇంటి పన్ను అన్నీ ఇప్పుడున్నట్టే ఉంచేద్దాం అంటున్నారు. 88 వేల తేడా చూస్తే సంతకం పెట్టేయాలనిపిస్తోంది. ఏవైనా రూల్స్ అడ్డొస్తాయా?

#2 నల్లకుంట_నాగు
"ఇప్పుడున్నట్టే ఉంచేద్దాం" అన్న కాడనే ఇరుక్కున్నరు.

#3 టూలెట్_బోర్డు
ఏం గాదన్నా. అమీర్‌పేట, ఎస్సార్ నగర్‌ల గల్లీకి పది హాస్టళ్లున్నయ్. అన్నీ రూల్ ప్రకారమే నడుస్తున్నయా? ఇయ్యుండ్రి, పొద్దుగాల ఇడ్లీ కూడా ఫ్రీ వస్తది.

#4 కేటగిరీ_రెండు
#3 గారూ, ఇడ్లీ ఫ్రీయే, కరెంటు కాదు. మీ ఆరు మీటర్లూ కేటగిరీ ఒకటి, అంటే ఇంటి వాడకం. డబ్బు తీసుకుని నడిపే ప్రైవేటు హాస్టల్ కేటగిరీ రెండులోకి పోతుంది. మార్చకుండా నడిపితే విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 126 కింద అనధికార వాడకం. ఇది దొంగతనం కేసు కాదు (అది 135), కానీ జేబుకి అంతకన్నా తక్కువేం కాదు. వర్తించే రేటుకి రెట్టింపు వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలితే అప్పటి నుంచి, తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకి.

లెక్క చూడండి. కమర్షియల్ రేటులో నెలకి 40 వేలు అయ్యే వాడకం అనుకుందాం. రెట్టింపు 80 వేలు, 12 నెలలకి 9.6 లక్షలు. మీరు కట్టిన డొమెస్టిక్ బిల్లులు అందులోంచి తీసేసి మిగతాది కట్టమంటారు. అప్పీల్‌కి 30 రోజులు, అది కూడా సగం కట్టాకే తీసుకుంటారు. సర్వీసు నంబరు ఎవరి పేరు మీద ఉంటే నోటీసు వాళ్లకే. హాస్టల్ పార్టీ ఆ పాటికి మంచాలు లారీకెక్కిస్తూ ఉంటారు.

ఇంకోటి, లోడు. ఆరు ఫ్లాట్లు, ఫ్లాటుకి రెండు బెడ్‌రూములు, హాలు కలిపి 18 గదులు చేస్తారు. బాత్‌రూములు కూడా పెంచుతారు. 12 గీజర్లు పెట్టినా ఒక్కోటి 2 కిలోవాట్లు, 24 కిలోవాట్లు. ఫ్యామిలీలైతే ఎవరి టైముకి వాళ్లు వేసుకుంటారు, హాస్టల్లో ఆరు నుంచి ఎనిమిదిలోపు అన్నీ ఒకేసారి. ముందు కాలేది కటౌట్ (ఫ్యూజు పెట్టె) దగ్గర సర్వీసు వైరు జాయింటు. దాంతోపాటు న్యూట్రల్ వదులైందంటే ఒక ఫేజులో వోల్టేజీ ఎగబాకి ఫ్రిజ్‌లు, రౌటర్లు పోతాయి. లోడు పెంచించి, కేటగిరీ మార్పించి, ఆ తర్వాతే తాళాలు ఇవ్వండి.

#5 టూలెట్_బోర్డు
అరే, 126 సంగతి నిజమే. కానీ తనిఖీకొచ్చేది ఎంతమంది దగ్గరికి?

#6 కేటగిరీ_రెండు
పక్కింటి ఓనర్‌కి మీ హాస్టల్ పిల్లల బైకులు అడ్డం రావాలి, అంతే. ఒక్క ఫిర్యాదు చాలు.

#7 ఇంటిపన్ను_ఇంటెలిజెంట్
కరెంటు అయింది, ఇంటి పన్ను చూద్దాం. హైదరాబాద్‌లో ఇంటికి: విస్తీర్ణం × అడుగుకి నెలసరి అద్దె విలువ × 12, దాని మీద స్లాబు (17 నుంచి 30 శాతం), అందులో 10 శాతం తరుగు తీసేసి, 8 శాతం లైబ్రరీ సెస్ కలపాలి. కమర్షియల్‌కి సూటిగా 3.5 × విస్తీర్ణం × నెలసరి విలువ.

ఈ 3.5 చూసి చాలామంది భయపడతారు, అనవసరం. 12 × 0.30 × 0.90 × 1.08 కొట్టి చూడండి, 3.4992. అంటే పై స్లాబులో ఉన్న ఇంటికీ దుకాణానికీ శాతం ఒకటే. తేడా అంతా అడుగుకి వేసే రూపాయల్లో ఉంది. 6,000 అడుగులకి ఇంటి రేటు 1.25 అనుకుంటే ఏడాదికి 26 వేల పైచిలుకు. కమర్షియల్ రేటు 4 రూపాయలు అనుకుంటే 84 వేలు. ఈ రేట్లు ఉదాహరణకి చెప్పినవే, ఏరియాని బట్టి మారతాయి, మీ సర్కిల్ ఆఫీసులో మీ వీధికి ఎంతో అడగండి. హాస్టల్‌ని నాన్-రెసిడెన్షియల్‌గానే లెక్కేస్తారు. బకాయి మీద నెలకి 2 శాతం వడ్డీ. ఏప్రిల్‌లోనే ఏడాదిది మొత్తం కడితే వచ్చే 5 శాతం రిబేటు కమర్షియల్‌కి మారాక ఇంకాస్త పనికొస్తుంది కూడా.

#8 మాదాపూర్_333
అంటే ఏడాదికి 58 వేలు ఎక్కువ. 10.56 లక్షల అదనపు అద్దెలో అదో లెక్కా?

#9 ఇంటిపన్ను_ఇంటెలిజెంట్
కాదు. అందుకే దాచొద్దు అంటున్నా. ఎవరు కట్టాలో అగ్రిమెంట్‌లో రాసుకోండి, అంతే. "పెరిగిన పన్ను కిరాయిదారుదే" అని ఒక్క లైను.

#10 సంపు_మోటారు
నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? 18 గదులు, గదికి నలుగురు, 72 మంది. మనిషికి రోజుకి 135 లీటర్లు అనేది డిజైన్ లెక్క. 9,720 లీటర్లు. ఇప్పుడు ఆరు ఫ్యామిలీలు 24 మంది అనుకుంటే 3,240. మీ సంపు ఆ లెక్కకే కట్టి ఉంటుంది. తేడాకి రోజూ 5,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి ఖాయం, ఎండాకాలం బోరు తగ్గితే రెండు.

నెలకి 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు ఇంటి కనెక్షన్‌కే. క్యాన్ నంబర్ (నల్లా కనెక్షన్ నంబరు) డొమెస్టిక్‌గా ఉంచి హాస్టల్ నడిపితే అదీ వెనక్కి లాగుతారు.

అసలు గొడవ బయటికి పోయే నీళ్లది. 24 మందికి వేసిన నాలుగంగుళాల డ్రైనేజీ పైపులోకి 72 మంది స్నానాలు, పైనుంచి మెస్ జిడ్డు. అన్నం, నూనె కలిసి మలుపులో గట్టిపడుతుంది. మొదట పొంగేది మీ స్టిల్ట్ పార్కింగ్‌లో ఉన్న చాంబర్. కిచెన్ లైను వేరుగా తీసి గ్రీజ్ ట్రాప్ (జిడ్డు ఆపే తొట్టి) పెట్టాలి, వారానికోసారి తీయాలి, బయటి మెయిన్ వరకు ఆరంగుళాల పైపు వేయాలి. ఆ ఖర్చు వాళ్లతో పెట్టించండి.

#11 నల్లకుంట_నాగు
#10 చదివినంక నాకు అన్నం సహిస్తలేదు.

#12 దస్తావేజు
నోటరీ సంగతికి వస్తా. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయాల్సిందే (రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 107). ఐదేళ్ల లీజుని నోటరీ కాగితం మీద రాస్తే ఆ షరతులు కోర్టులో చూపించడానికి పనికిరావు. అప్పుడది నెలవారీ అద్దె కిందకి జారుతుంది. ఎటువైపు వాళ్లయినా 15 రోజుల నోటీసుతో తెంచుకోవచ్చు, సెక్షన్ 106. అంటే మీరు మురిసిపోతున్న మూడేళ్ల లాక్-ఇన్ లేనట్టే. వాళ్లు నోటరీ చాలంటున్నది స్టాంపు ఖర్చు మిగులుతుందని మాత్రమే అనుకోకండి. పైగా స్టాంపు తక్కువ పడ్డ కాగితం కోర్టులో పెడితే అక్కడే పట్టేసుకుని లోటుకి పదింతల వరకు జరిమానా వేయొచ్చు.

"11 నెలలు రాసుకుని తిరగరాసుకుందాం" అని తర్వాత ఎవరో అంటారు, ముందే చెప్తున్నా. అది ఫ్యామిలీలకి సరిపోతుంది. మంచాలు, గీజర్లు, బాత్‌రూములు అని పాతిక లక్షలు పెట్టే పార్టీతో సరిపోదు. వాళ్లకీ భరోసా ఉండదు, మీకూ ఉండదు.

#13 కూకట్‌పల్లి_కిరాయి
12 ఏళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందని 11 నెలలే రాయాలి కదా? మా దగ్గర అందరూ అదే అంటారు.

#14 దస్తావేజు
అందరూ అంటారు, తప్పే. అద్దె కడుతూ ఉన్నవాడు మీ అనుమతితో ఉన్నవాడు. అనుమతితో ఉన్నంతకాలం 12 ఏళ్ల లెక్క మొదలే కాదు. 11 నెలలకి కారణం పైన చెప్పిన సెక్షన్ 17 ఒక్కటే. అద్దె బ్యాంకులో పడుతుంటే అదే మీకు సాక్ష్యం. చేతికి తీసుకుని రసీదు ఇవ్వని ఓనర్లకే తంటా.

#15 పాతచట్టం
కిరాయి కంట్రోల్ చట్టం (1960 నాటిది) సంగతి కూడా. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటితే అది వర్తించదు. కట్టి 15 ఏళ్లు కాని బిల్డింగ్‌కీ వర్తించదు. కాబట్టి ఖాళీ చేయించాలంటే రెంట్ కంట్రోలర్ దగ్గరికి కాదు, సివిల్ కోర్టుకే. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం చూసి "నివాసానికి రెండు నెలల అడ్వాన్సే కదా" అని వాదించేవాళ్లుంటారు. అది నమూనా, రాష్ట్రం చట్టం చేస్తేనే ఇక్కడ పని చేస్తుంది. అందులో కూడా నివాసం కానిదానికి ఆరు నెలలు ఒప్పుకున్నారు, మీ పార్టీ ఇస్తానన్నదీ అంతే.

గడువు అయిపోయాక ఒక్క నెల అద్దె మామూలుగా తీసుకున్నా "కొనసాగించారు" అంటారు (ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 116). తీసుకోవాల్సి వస్తే "వాడకానికి నష్టపరిహారం కింద" అని రాసి తీసుకోండి. కోపమొచ్చి కరెంటు పీకడం, తాళం వేయడం మాత్రం వద్దు. దౌర్జన్యంగా వెళ్లగొట్టారని ఆర్నెల్లలోపు దావా వేస్తే, అసలు హక్కు ఎవరిదన్నది పక్కనపెట్టి ముందు వాళ్లని లోపలికి పంపిస్తారు.

#16 టూలెట్_బోర్డు
72 మందిని బయటికి పంపాలంటే తాళం కాదు, ఆర్టీసీ బస్సు కావాలె.

#17 దస్తావేజు
#16 జోకే కానీ పాయింట్ ఉంది. వేరే ఒప్పందం లేకపోతే లీజుదారు సబ్-లీజు ఇవ్వొచ్చు, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108. కాబట్టి "హాస్టల్ వాసులు కేవలం అనుమతితో ఉండేవాళ్లు, వాళ్లకి ఓనర్‌తో సంబంధం లేదు, బిల్డింగ్‌ని ఇంకో ఆపరేటర్‌కి ఇవ్వకూడదు" అని రాయాలి. ఈ వ్యాపారంలో బోర్డు మార్చకుండా ఆపరేటర్ మారిపోవడం మామూలే.

#18 సీఏ_మియాపూర్
జీఎస్టీ. ఇక్కడే అందరూ తడబడతారు, నెమ్మదిగా చదవండి.

మీ అద్దె ఏడాదికి 26.4 లక్షలు. సేవలకి పరిమితి 20 లక్షలు. దీన్ని కమర్షియల్ అద్దె అంటే మీరు రిజిస్టర్ కావాలి, 18 శాతం వసూలు చేయాలి, నెలకి 39,600. నివాస గృహం, నివాసానికే ఇచ్చారు అంటే మినహాయింపు. కానీ 2022 జూలై 18 నుంచి అద్దెకి తీసుకున్నవాళ్లకి జీఎస్టీ నంబర్ ఉంటే ఆ మినహాయింపు లేదు, 18 శాతం వాళ్లే రివర్స్ ఛార్జ్‌లో (ఓనర్ బదులు నేరుగా) కట్టాలి. హాస్టల్ కోసం ఇచ్చినది "నివాసమా" అన్నదాని మీదే గొడవ నడిచింది. 2022లో కర్ణాటక హైకోర్టు నివాసమే అంది, ఉండేవాళ్లు పడుకోవడానికే కదా వాడుతున్నారు అని. 2025లో సుప్రీంకోర్టూ దాన్నే ఖాయం చేసింది.

ఇప్పుడు ఆపరేటర్ వైపు చూడండి. మనిషికి నెలకి 20 వేల లోపు, వరుసగా 90 రోజులకి తక్కువ కాకుండా ఉంటే వాళ్ల సేవకి జీఎస్టీ లేదు (2024 జూలై 15 నుంచి). బాగానే ఉంది. కానీ వాళ్ల సేవకి పన్ను లేదంటే వాళ్లు కట్టిన 18 శాతానికి ఇన్‌పుట్ (కట్టిన పన్నుని తమ పన్నులో సర్దుకోవడం) కూడా రాదు. ఆ 39,600 వాళ్ల జేబులోంచి పోయేదే. మొదటి నోటీసు వచ్చిన రోజు "అద్దె తగ్గించండి సార్" అని మీ గుమ్మం ముందుంటారు. 2.2 లక్షలు "జీఎస్టీ కాకుండా" అని రాశారా, "అన్నీ కలుపుకుని" అని రాశారా అన్నదాంట్లోనే ఏడాదికి 4.75 లక్షలు ఉంది.

#19 ఇంటిపన్ను_ఇంటెలిజెంట్
#18 గారూ, ఒక చిక్కు. నేను #7లో నాన్-రెసిడెన్షియల్‌కి మార్చమన్నాను. కార్పొరేషన్ దగ్గర కమర్షియల్, జీఎస్టీ దగ్గర నివాసం అంటే రెండు కాగితాలు కొట్టుకోవా?

#20 సీఏ_మియాపూర్
కొట్టుకుంటాయి. పన్ను చట్టాలు వేరు, నిర్వచనాలు వేరు అని వాదించొచ్చు. నా లెక్కలో వాదన మీద ఆధారపడి అద్దె ఖరారు చేయకూడదు. పన్ను పడుతుందనే అనుకుని క్లాజు రాసుకోండి, పడకపోతే మంచిదే.

#21 మాదాపూర్_333
ఒకటి చెప్పడం మర్చిపోయా. ఇల్లు నా పేరా, తమ్ముడి పేరా సగం సగం. వాడు డాలస్‌లో ఉంటాడు. అద్దె మొత్తం నా ఖాతాలోకే వేయించుకుని వాడికి పంపుదామనుకున్నాం.

#22 నల్లకుంట_నాగు
గిది "మర్చిపోయా" అనే ముచ్చటనా సారు.

#23 సీఏ_మియాపూర్
మొత్తం లెక్క తిరగరాయాలి.

మంచిది ముందు: దస్తావేజులో వాటాలు స్పష్టంగా ఉంటే ఎవరి అద్దె వాళ్లదే. చెరి 13.2 లక్షలు. ఇద్దరిలో ఎవరికీ వేరే టర్నోవర్ పెద్దగా లేకపోతే 20 లక్షల పరిమితి దాటరు. వేరే ఇళ్ల మీద వచ్చే, మినహాయింపు ఉన్న అద్దెలు కూడా ఆ 20 లక్షల్లో కలుస్తాయి, అది చూసుకోండి. ఇంకోటి, కమర్షియల్ అని తేలి, మీరు రిజిస్టర్ కాక, ఆపరేటర్ రిజిస్టర్ అయి ఉంటే 2024 అక్టోబర్ 10 నుంచి రివర్స్ ఛార్జ్ వాళ్ల మీదే.

ఇప్పుడు టీడీఎస్, అంటే అద్దె ఇచ్చేవాళ్లు ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్, ఫారం నంబర్లు మారాయి. అందరికీ అలవాటైన పాతవాటితోనే చెప్తా. మీ సగానికి: ఆపరేటర్ కంపెనీ గానీ ఫర్మ్ గానీ అయితే 194-ఐ, 10 శాతం, నెలకి 11 వేలు. మామూలు వ్యక్తి అయి ఆడిట్ పరిధిలో లేకపోతే 194-ఐబీ, 2 శాతం, ఏడాదికి ఒకసారి, టాన్ (పన్ను కోసేవాళ్లు తీసుకునే నంబరు) అక్కర్లేదు. తమ్ముడి సగానికి: సెక్షన్ 195. కింది పరిమితే లేదు, మొదటి రూపాయి నుంచి 30 శాతం, సెస్‌తో 31.2. 1.1 లక్షలకి నెలకి 34,320. ఆపరేటర్ టాన్ తీసుకోవాలి, మూడు నెలలకోసారి 27క్యూ రిటర్ను వేయాలి. కోయకపోతే ఎగవేతదారు ఆపరేటరే అవుతాడు, మీ తమ్ముడు కాదు. మొత్తం మీ ఖాతాలో వేసినంత మాత్రాన ఆ బాధ్యత పోదు.

తమ్ముడి అసలు పన్ను అంత ఉండదు. 13.2 లక్షల్లో కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు పోతే 9 లక్షల చిల్లర. దాని మీద పన్నుకి, కోతకి చాలా తేడా. ఫారం 13 పెట్టి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంటే రిఫండ్ కోసం ఏడాది ఎదురుచూడక్కర్లేదు. ఏడాది మొదట్లోనే పెట్టాలి, ఇచ్చిన తేదీ నుంచే పనిచేస్తుంది. వాడి వాటా నేరుగా వాడి ఎన్‌ఆర్‌ఓ (విదేశంలో ఉండేవాళ్ల ఇక్కడి ఆదాయం పడే) ఖాతాలోకే వేయించండి.

#24 దస్తావేజు
లీజు రిజిస్ట్రేషన్‌కి తమ్ముడు రాలేడు కాబట్టి పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపించాలి. ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. కవరు మీద పోస్టు ముద్ర తేదీ కనపడేలా దాచండి, కవరు పారేసి ఇబ్బంది పడేవాళ్లే ఎక్కువ. పవర్‌లో "లీజుకి ఇచ్చే, రిజిస్టర్ చేసే, అద్దె వసూలు చేసే" అని మూడూ ఉండాలి. "నిర్వహణ" అని ఊరికే రాస్తే సబ్-రిజిస్ట్రార్ వెనక్కి పంపుతారు.

#25 కూకట్‌పల్లి_కిరాయి
నడిపేది మనమే అయితే? 72 బెడ్లు, 8 వేల చొప్పున 5.76 లక్షలు కదా నెలకి.

#26 సీఏ_మియాపూర్
అప్పుడది వ్యాపారాదాయం. 30 శాతం మినహాయింపు ఉండదు, అసలు ఖర్చులు చూపించుకోవాలి. 5.76 అన్నది అన్ని బెడ్లూ నిండితేనే. వంటవాళ్లు, గ్యాసు, ట్యాంకర్లు, మే నెలలో ఖాళీ బెడ్లు తీసేయండి.

#27 టూలెట్_బోర్డు
పొద్దుగాల ఐదుకి లేచి చట్నీ రుబ్బుడు కూడా కలుపుండ్రి.

#28 ఎర్రసిలిండర్
రేకుల గది కిచెన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు మొత్తం థ్రెడ్‌లో భయం అక్కడే.

ప్లాన్‌లో లేని నిర్మాణానికి నోటీసు వచ్చేది ఓనర్‌కే. అది ఒకటి. రెండోది, 72 మందికి మూడు పూటలా వండే చోట ఇంటి సిలిండర్లు (14.2 కిలోలు) వాడకూడదు, 19 కిలోలవి కావాలి. లైసెన్సు లేకుండా నిల్వ పెట్టగలిగేది 100 కిలోలే. ఐదు సిలిండర్లు అంటే 95, ఆరోది పెట్టకూడదు. ఖాళీవి నిండువి కలిపి మెట్ల కింద పేర్చడం ప్రతి హాస్టల్లో కనపడే తప్పు. ఎల్పీజీ గాలికన్నా బరువు. పైన లీకైతే మెట్ల మీదుగా కిందికి దిగుతుంది, కింద స్టిల్ట్‌లో బైకులు, మీటర్ బోర్డు. పొగ అందుకు తిరుగుడు, పైకి పోతుంది. ఉన్న ఒక్క మెట్లదారి రెండిటికీ దారి అవుతుంది.

నివాస భవనం 18 మీటర్లు, కమర్షియల్ 15 మీటర్లు దాటితే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ తప్పనిసరి. స్టిల్ట్ + 3 అయితే సుమారు 12 మీటర్లు, కాబట్టి ఎత్తు లెక్కలో మీరు తప్పించుకుంటారు. దాన్ని చూసి ఊపిరి పీల్చుకోకండి. కిటికీ గ్రిల్స్ అన్నీ వెల్డింగ్ చేసి ఉంటాయి కదా, గదికొకటి లోపలి నుంచి తెరుచుకునేలా మార్పించండి. టెర్రస్ తలుపుకి రాత్రిళ్లు తాళం వేయొద్దని లీజులోనే రాయండి. కిచెన్ స్టిల్ట్‌లోకి తేవద్దు, అది పార్కింగ్‌కి ఇచ్చిన చోటు. గ్రౌండ్‌కి దగ్గరగా ఉన్న మొదటి ఫ్లోరులో, బయటి గోడ వైపు ఫ్లాట్ ఒకటి కిచెన్‌కి వదలండి, సిలిండర్లు బయట జాలీ గూట్లో, పైపు లోపలికి. పన్నెండు బెడ్లు పోతాయి, పోనీండి.

#29 పాతచట్టం
ట్రేడ్ లైసెన్సు కార్పొరేషన్ నుంచి, మెస్ ఉంది కాబట్టి ఫుడ్ సేఫ్టీ అనుమతి, రెండూ ఆపరేటర్ పేరు మీద. విదేశీయుల్ని చేర్చుకుంటే 24 గంటల్లో ఆ వివరాలు ఆన్‌లైన్‌లో. మిగతావాళ్ల ఆధార్ కాపీలు, రిజిస్టర్, సీసీ కెమెరా ఆపరేటర్ పనే, కానీ పోలీసులు వచ్చి మొదట అడిగేది "ఓనర్ ఎవరు?" అనే.

#30 మాదాపూర్_333
లోడు పెంపు, కేటగిరీ మార్పు, డ్రైనేజీ లైను, కిచెన్ కిందికి, రిజిస్టర్డ్ లీజు, తమ్ముడి వాటాకి టాన్. ఇవన్నీ ఇందాక ఫోన్లో చెప్తే పార్టీ 1.85 లక్షలకి దిగింది. రేకుల గదులు లేకపోతే బెడ్లు తగ్గుతాయట.

#31 నల్లకుంట_నాగు
అయితే అసలు కిరాయి గదే అన్నట్టు. మిగిలిన 35 వేలు మీరు మోసే రిస్కుకి ఇస్తున్నడు.

#32 సీఏ_మియాపూర్
#31 సరిగ్గా పట్టుకున్నారు. ఫ్యామిలీలతో 1.32కి, దీనికి తేడా ఇప్పుడు 53 వేలు. ఐదేళ్ల తర్వాత 18 గదుల్ని మళ్లీ ఆరు ఫ్లాట్లుగా చేయడానికి గోడలు, ప్లంబింగ్, టైల్స్ ఖర్చు ఎవరిదో తేల్చి, అది 60 నెలలకి పంచి చూడండి.

#33 మాదాపూర్_333
ఆరు నెలల అడ్వాన్స్‌లోంచి పట్టుకోవచ్చుగా?

#34 దస్తావేజు
పట్టుకోవచ్చు, "ఇచ్చినప్పుడు ఎలా ఉందో" అనడానికి ఆధారం ఉంటే. తాళాలు ఇచ్చే రోజు గది గదికీ ఫొటోలు, ఆరు మీటర్ల రీడింగులు, నల్లా రీడింగు, ఇద్దరి సంతకాలతో లీజుకి జత చేయండి. చివరి ఆరు నెలలు అద్దె ఆపేసి "అడ్వాన్స్‌లో కట్టుకోండి" అనడం ఈ లైన్లో రివాజు. అది కుదరదని రాసి, పక్కన వాళ్ల చేత పొట్టి సంతకం పెట్టించుకోండి.

#35 మాదాపూర్_333
సరే. ముందు తమ్ముడికి ఫోన్ చేస్తా, వాడికి ఇంకా తెల్లారలేదు.